చెవికందని తెలుగు పాఠము

1965లో భద్రాచలము వద్ద గోదావరిపై వంతెన పడినది. అంతకుముందు ఆవలి ఒడ్డువారు ఖమ్మము చేరవలెనన్నా, ఈవలివారు రాములవారి దర్శనమునకు పోవలెనన్నా పడవయే దిక్కు. వంతెనతో బస్సులు వచ్చినవి. బస్సుల వెంట ఉద్యోగులు, వైద్యులు, ఉపాధ్యాయులు వచ్చినారు. కాలక్రమమున భద్రాచలమునకు ప్రభుత్వ డిగ్రీ కళాశాల కూడ వచ్చినది. కాని ఒక నదికి వంతెన పడినంతమాత్రాన దారి పూర్తి కాదు. భద్రాచలము దాటి దుమ్ముగూడెము మీదుగా చర్లకు పోయే రోడ్డు విడిచి అడవిలోనికి కొంతదూరము పోయినచో, పెద్దవాన పడిన మరునాడు వాగు దాటలేని గూడెములు నేటికిని ఉన్నవి. అక్కడి కోయ కుటుంబముల పిల్లలు ఆశ్రమ పాఠశాలలలో చేరి, హాస్టళ్ళలో పెరిగి, ఇంటర్మీడియెట్ వరకు వస్తున్నారు. ఆ పైచదువుకు దూరమే పెద్ద అడ్డము. భద్రాచలమునుండి ఖమ్మము సుమారు 120 కిలోమీటర్లు. హైదరాబాదు 300 కిలోమీటర్లకు పైమాట.

ఇట్టి చోట చూపులేని పిల్ల ఒకతె ఇంటర్మీడియెట్ పూర్తిచేసినదనుకొందము. చూపు, నడక, వినికిడి సరిగా ఉన్న పిల్లవాడు తెల్లవారుజామున లేచి, వాగు దాటి, బస్సు పట్టుకొని కళాశాలకు పోగలడు. ఈ పిల్లతో ఎవరో ఒకరు పోవలెను. పోయిన మనిషికి ఆనాటి కూలి పోవును. ఆ లెక్క చూచుకొన్న తండ్రి, పిల్లమీద ఎంత ప్రేమ ఉన్నను, చదివినది చాలుననును. అతనిని తప్పు పట్టుటకు మనకు అధికారము లేదు.

చేతిలోని ఫోనులోనికి పాఠము వచ్చి చేరుట అన్నది పట్టణవాసులకు ఒక సౌకర్యము మాత్రమే. బస్సులో కూర్చుండి వినవచ్చును, ఇష్టము లేకున్న మానవచ్చును. ఈ పిల్లకు అట్లు కాదు. ఆమెకు దక్కగల కళాశాల అదియొక్కటే. అందుచేత ఆ పాఠము ఆమెకు అందునట్లు తయారైనదా లేదా అన్న ప్రశ్న సాంకేతిక నిపుణులు మాత్రమే తేల్చుకొనవలసిన చిన్న విషయము కాదు. వంతెన కట్టి, రెండు కొసలకును మెట్లు పెట్టినచో కుంటివాడు ఏమి చేయును?

దూరవిద్య తెలుగువారికి క్రొత్త కాదు. భారతదేశములో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదులోనే పుట్టినది. జి. రాంరెడ్డిగారు దానికి తొలి ఉపాధ్యక్షులు. ఆయనయే తరువాత 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపాధ్యక్షులైనారు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేరుతో పుట్టిన ఆ సంస్థ 1991నుండి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. ఆ తొలిదినములలో పాఠము అచ్చుపుస్తకముగా టపాలో వచ్చెడిది, రేడియోలో వినిపించెడిది, సెలవు దినములలో అధ్యయన కేంద్రములో ఉపాధ్యాయుడు సందేహములు తీర్చెడివాడు. ఇందులో ఒక చిత్రమున్నది. రేడియో పాఠము ముందు చూపున్నవాడును, చూపులేనివాడును సమానులే. ఉపాధ్యాయుడు చెప్పదలచినదంతయు మాటలలోనే చెప్పవలెను, వేరు మార్గము లేదు. ఆ తరువాత బొమ్మ వచ్చినది, తెర వచ్చినది, వ్రేలితో చూపుట వచ్చినది. చదువు ఒక మెట్టు పైకెక్కినప్పుడు చూపులేనివారు ఒక మెట్టు క్రిందికి దిగినారు.

కోవిడ్ కాలమున ఈ సంగతి ఇంటింటికిని వచ్చినది. 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణలో 3వ తరగతి మొదలు 10వ తరగతి వరకు దూరదర్శన్ యాదగిరి చానెలు ద్వారా, టీ-శాట్ చానెళ్ళ ద్వారా పాఠములు ప్రసారము చేసినారు. బడులు మూతపడిన ఆ విపత్కాలమున అది మెచ్చదగిన పని. కాని బోర్డు ముందు నిలిచి ఉపాధ్యాయుడు, "ఇదిగో, ఇక్కడినుండి ఇక్కడికి ఒక గీత గీయండి, ఇది దీనితో సమానము" అన్నప్పుడు, ఏది దేనితో సమానమో చూపులేని పిల్లకు తెలియదు. అతడే వెనుదిరిగి బోర్డుమీద వ్రాయుచు మాటలాడినప్పుడు, పెదవులు చూచి మాటను పోల్చుకొనే చెవిటి పిల్లవానికి పాఠము అక్కడికే ఆగిపోవును. ఇది ఏ ఒక్క ఉపాధ్యాయుని తప్పును కాదు. ఎదుట కూర్చున్న నలుబదిమంది ముఖములు చూచుచు పాఠము చెప్పుట అతనికి నేర్పినారు; కనబడని విద్యార్థికి చెప్పుట ఎవరును నేర్పలేదు.

చూపులేనివారు ఫోనును, కంప్యూటరును ఎట్లు వాడుదురో తెలియనివారు చాలమంది ఉన్నారు. తెరపైనున్న అక్షరములను చదివి వినిపించు ఉపకరణమును స్క్రీన్ రీడర్ అందురు. ఒకప్పుడు దీనిని పెద్ద ధర పెట్టి కొనవలసి ఉండెడిది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను చూపులేని యువకుడు, ఎవరైనను ఉచితముగా వాడుకొనదగిన ఉపకరణమును తయారుచేయ పూనుకొన్నాడు. జేమ్స్ తే అను మరొక చూపులేని మిత్రుడు తోడైనాడు. ఎన్‌విడిఎ అను ఆ ఉపకరణము నేడు ప్రపంచమంతట వాడుకలో ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ అను పేరుతో ఇట్టిదే మరొకటి ఉన్నది. ఈ ఉపకరణములు తెలుగు కూడ చదువగలవు. ఉచ్చారణ ఇంకను కొంత యంత్రము వలెనే ఉండవచ్చును. అలవాటు పడిన చెవికి అది అడ్డము కాదు. అలవాటైనవారు మనము అనుసరింపలేనంత వేగముతో వినుట చూచి ఆశ్చర్యపడవలసినదే.

కాబట్టి ఉపకరణమున్నది, ఫోనున్నది, తెలుగు చదివే గొంతున్నది. ఇక లోటు ఎక్కడ? లోటు పాఠములో ఉన్నది. మన తెలుగునకు ప్రత్యేకముగా తగిలిన ఒక పీడను ఇక్కడ కొంచెము వివరముగా చెప్పవలెను.

కంప్యూటరుకు అక్షరము తెలియదు, అంకె తెలియును. ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క అంకె నియమించుకొని, ఆ అంకెను జ్ఞాపకముంచుకొని, తెరపై అక్షరపు బొమ్మను చూపును. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణములో తెలుగు అక్షరములకు తమవైన స్థానములు ఏర్పడినవి. అయినను మన అచ్చుపని కంప్యూటరునకు ఎక్కిన దినములలో ఆ ప్రమాణము ఇంకను వాడుకలోనికి రాలేదు. ఇంగ్లీషు అక్షరములకున్న అంకెలనే తీసికొని, వాని స్థానములలో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు మొదలైన తెలుగు ముక్కలను అమర్చి ఫాంటులు తయారుచేసినారు. కంటికి చక్కని తెలుగు కనబడును. యంత్రము జ్ఞాపకములో మాత్రము ఇంగ్లీషు అక్షరములును, విరామ చిహ్నములును కలగాపులగముగా ఉండును. అచ్చుపనికి ఇది చాలినది, ఎందుకనగా కాగితమునకు చెవి లేదు. కొన్ని దశాబ్దముల తెలుగు పాఠ్యపుస్తకములు, పత్రికలు, ప్రశ్నపత్రములు ఈ విధముగానే అచ్చయినవి.

ఆ ఫైళ్ళనే పీడీఎఫ్‌గా మార్చి ఆన్‌లైన్ కోర్సులో పెట్టినప్పుడు ఏమగును? చూపున్న విద్యార్థికి పుస్తకము యథాతథముగా కనబడును. ఆ గూడెములోని పిల్ల తన ఫోనును చదువుమన్నప్పుడు, అది తెలుగు కాని, ఇంగ్లీషు కాని, మరి ఏ భాషయును కాని శబ్దములను వరుసగా పలుకును. నన్నయ భారతముపై పాఠము తెరచినను, భూగోళముపై పాఠము తెరచినను వినబడునది ఆ గోలయే. అచ్చుపుస్తకమును ఫోటో తీసి పెట్టినచోట ఇంకను అన్యాయము: ఉపకరణమునకు అక్కడ అక్షరమే లేదు, ఒక బొమ్మ ఉన్నది. అందుచేత అది నోరెత్తదు. యూనికోడ్‌లో కూర్చిన పుస్తకమే అయినను, పీడీఎఫ్ చేయునప్పుడు జాగ్రత్త పడనిచో వత్తులు, గుణింతములు స్థానము తప్పి, మాట మాటగా వినబడకపోవుట కలదు. ఇంగ్లీషు పాఠములకు ఈ బాధ ఇంతగా లేదు. ఆ కారణమున చూపులేని తెలుగు విద్యార్థి ఇంగ్లీషు మాధ్యమమునకు పోక తప్పని స్థితి ఏర్పడుతున్నది. మాతృభాషలో ఉన్నత విద్య కావలెనని సభలలో తీర్మానములు చేయువారు ఈ సంగతిని ఒకసారి ఆలోచింతురు గాక.

దీనికి మందు ఖరీదైనది కాదు. పాఠమును మొదటనే యూనికోడ్‌లో టైపు చేసి, వెబ్ పుటగా గాని, ఈపబ్ పుస్తకముగా గాని ఇచ్చినచో పని చాలవరకు తీరిపోవును. శీర్షికను పెద్ద అక్షరములతో దిద్ది ఊరకొనక, ఇది శీర్షిక అని యంత్రమునకు తెలియునట్లు గుర్తు పెట్టవలెను. మనము పత్రిక చేతిలోనికి తీసికొని, పుటలు త్రిప్పి, శీర్షికలు చూచి, కావలసినచోట ఆగుదుము. ఆ గుర్తులు ఉన్నప్పుడు చూపులేని పాఠకుడును ఒక శీర్షికనుండి మరొక శీర్షికకు దుముకగలడు. అవి లేనిచో నలుబది పుటల పాఠమును మొదటినుండి తుదివరకు విని తీరవలెను. బొమ్మ ఉన్నచోట దాని క్రింద నాలుగు మాటల వివరణ కావలెను. "పటము 3" అన్నది వివరణ కాదు. "గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర పుట్టి, తూర్పునకు ప్రవహించి, తెలంగాణ గుండా సాగి, భద్రాచలము దాటిన తరువాత పాపికొండల నడుమ ఇరుకై, రాజమహేంద్రవరము దిగువన పాయలుగా చీలి బంగాళాఖాతమున కలియుచున్నది" అన్నది వివరణ. ఇంతటి వాక్యము వ్రాయుటకు భూగోళము చెప్పు ఉపాధ్యాయునకు ఎంతసేపు పట్టును? గణిత సమీకరణములను బొమ్మలుగా అతికించుట మానవలెను. వానిని చదువదగిన విధముగా వ్రాయు పద్ధతులు ఉన్నవి.

ఇట్టి నియమములను వెబ్ ప్రమాణముల సంస్థ 1999లోనే మొదటిసారి ప్రకటించినది. 2008లో, 2018లో, 2023లో సవరించి విస్తరించినది. అక్షరపు రంగునకును వెనుక రంగునకును మధ్య కాంతిభేదము కనీసము నాలుగున్నరకు ఒకటి ఉండవలెనన్నంత సూక్ష్మముగా అవి ఉన్నవి. మసకచూపువారికి లేతబూడిద రంగు అక్షరములు తెల్లని తెరపై ఎంత శిక్షయో ఎండలో ఫోను చూచిన ప్రతివారికిని తెలియును.

చూపులేని విద్యార్థి విజయగాథ అనగానే మనవారు బొల్లా శ్రీకాంత్ పేరు చెప్పుదురు. చెప్పదగినదే. మచిలీపట్నము దగ్గరి సీతారామపురములో పుట్టిన ఆ బాలుడు పదవ తరగతి తరువాత సైన్సు చదువుదునన్నప్పుడు, చూపులేనివారికి ఆ విభాగములో ప్రవేశము లేదన్న నిబంధన ఎదురైనది. పోరాడి అనుమతి పొందినాడు. పాఠ్యపుస్తకములను శబ్దరూపమునకు మార్పించుకొని, విని చదివి, ఇంటర్మీడియెట్‌లో 98 శాతము మార్కులు తెచ్చుకొన్నాడు. అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి, 2012లో పరిశ్రమ స్థాపించినాడు. 2024లో ఆయన జీవితము హిందీ చలనచిత్రముగా కూడ వచ్చినది. అయితే ఆ కథలో మనము చప్పట్లు కొట్టి వదలివేయు భాగమొకటి ఉన్నది: ప్రతి పుస్తకమును ఎవరో ఒకరు కూర్చుండి అతనికొరకు గొంతుతో చదివి ఇవ్వవలసి వచ్చినది. అంతటి పట్టుదలయు, అట్టి అండదండలును ఉన్నవారికే చదువు దక్కునన్నచో, సామాన్యమైన తెలివి గల సామాన్యమైన పిల్ల గతి ఏమి? చూపున్నవారిలో మధ్యరకపు విద్యార్థులు లక్షలమంది డిగ్రీలు పొందుచున్నారు. చూపులేనివారికి మాత్రము మహావీరులు కావలెనను షరతు ఎందుకు?

పుస్తకమును ఇట్లు మార్చుకొనుట ఒకప్పుడు హక్కుల చట్టమునకు విరుద్ధమేమో అన్న భయము కూడ ఉండెడిది. 2012లో కాపీరైటు చట్టమును సవరించి, వికలాంగులు చదువదగిన రూపములోనికి పుస్తకమును మార్చుటకు భారతదేశము అనుమతినిచ్చినది. మరుసటి సంవత్సరము మొరాకో దేశములోని మరాకేష్ నగరమున ఇదే విషయమై అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది; 2014లో దానిని అన్ని దేశములకంటె ముందు ఆమోదించినది మన దేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అను ఆన్‌లైన్ గ్రంథాలయము కూడ వెలసినది. చట్టము తలుపు తీసినది; తెలుగు పుస్తకములు ఆ తలుపులోనుండి పోవలసి ఉన్నది.

చెవిటివారి విషయము వేరు. వీడియో క్రింద తెలుగులో మాటలు వ్రాసి చూపినచో చాలునని తలచుట సహజము. విని, మాటలు నేర్చి, తరువాత వినికిడి పోయినవానికి అది చాలును. పుట్టుకతో వినని పిల్లకు తెలుగు అన్నది ఎన్నడును వినని మాటల లిపి. పట్టణములోని బధిరుల పాఠశాలలో చేరినవారికి సంకేతభాష అబ్బును. మారుమూల గూడెములో పెరిగినవారికి అమ్మకును తనకును మధ్య ఏర్పడిన కొన్ని ఇంటిసైగలే భాష. వీరికి వ్రాతయు, భారతీయ సంకేతభాషయు రెండును కావలెను. అంతకంటె ముందు, ఆ భాష నేర్పువారు చిన్ననాడే దొరకవలెను. భారతీయ సంకేతభాషకు పరిశోధన శిక్షణ కేంద్రము ఢిల్లీలో 2015లో ఏర్పడినది. 2024 డిసెంబరులో కేంద్రప్రభుత్వము ఆ భాషకు ప్రత్యేకముగా ఒక విద్యా చానెలును ప్రారంభించినది. శతాబ్దములు ఆలస్యమైన పనులు ఇప్పుడు మొదలైనవి. ఆన్‌లైన్ కోర్సుతోనే అంతయు తీరునని ఎవరైన చెప్పినచో నమ్మవలదు.

అయినను మాటలు వ్రాసి చూపుటవలన కలుగు మేలు చెవిటివారితో ఆగదు. కోయ పిల్లలకు ఇంటిభాష కోయ. తెలుగు బడిలో నేర్చిన భాష. కోస్తా యాసలో గాని, పుస్తకభాషలో గాని ఉపాధ్యాయుడు త్వరత్వరగా చెప్పుకొనిపోవునప్పుడు, ఆ మాట క్రింద కనబడినచో వారును పట్టుకొనగలరు. ఒకరికొరకు వేసిన దారి మరొకరికి పనికివచ్చుట ఇట్లే.

ఇక కంటికి కనబడని వైకల్యము ఒకటి ఈ అడవిసీమలో తప్పక తలచుకొనదగినది. సికిల్ సెల్ వ్యాధిలో ఎర్ర రక్తకణము కొడవలివలె వంగి, సన్నని నాళములలో చిక్కుకొనును. అప్పుడు వచ్చే నొప్పి రోజులతరబడి మనిషిని మంచము పట్టించును. మధ్యభారతపు గిరిజనులలో ఇది హెచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము తాను గుర్తించిన 21 వైకల్యములలో దీనినిగూడ చేర్చినది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో దీని నిర్మూలనకు జాతీయ ఉద్యమము ప్రారంభమైనది. ఈ వ్యాధి గల విద్యార్థి చూడగలడు, వినగలడు, నడవగలడు. నెలలో నాలుగు రోజులు మాత్రము ఏమియు చేయలేడు. ఉదయము పది గంటలకు ప్రత్యక్షముగా చెప్పి, మరల దొరకని పాఠము అతనికి లేనట్లే. ఫలానా రోజు రాత్రి పన్నెండు గంటలకు మూసివేయు పరీక్ష, నొప్పి తగ్గువరకు ఆగదు. పాఠమును నిలువచేసి ఉంచుట, గడువులో కొంత సడలింపు ఇచ్చుట, అతనికి కావలసినది ఇంతే. దీనికి ఏ యంత్రమును అక్కరలేదు, ఒక నియమము మార్చిన చాలును. చేతివణకు గలవారికి, మెల్లగా వ్రాయువారికి కూడ గడియారమే శత్రువు. వ్రాతపరీక్షలలో వికలాంగులకు గంటకు కనీసము 20 నిమిషముల అదనపు కాలము ఇవ్వవలెనని 2018 నాటి కేంద్రప్రభుత్వ మార్గదర్శకములు చెప్పుచున్నవి. ముప్పది నిమిషములకు తానే మూసికొను ఆన్‌లైన్ పరీక్షకు ఆ మాట ఎవరు చెప్పవలెను?

అడవిలో సిగ్నలు లేనప్పుడు ఇవన్నియు ఎందుకని అడుగువారున్నారు. నాకు ఇది తలక్రిందుల వాదమనిపించును. సిగ్నలు తక్కువైనచోటనే ఈ పద్ధతులు ఎక్కువ పనికివచ్చును. లెక్క చూడండి. యూనికోడ్‌లో ఒక తెలుగు అక్షరపు ముక్కకు సాధారణముగా మూడు బైట్లు పట్టును. రెండువేల ముక్కలున్న పుట ఆరు కిలోబైట్లు. రెండువందల పుటల పుస్తకమంతయు ఒక మెగాబైటుకు కొంచెము పైన. మాట మాత్రమే రికార్డు చేసిన గంట పాఠము పదునైదు మెగాబైట్లలో ఇమిడించవచ్చును. అదే గంట పాఠము వీడియోగా వందల మెగాబైట్లు కావచ్చును. గుట్టెక్కి, చెట్టుక్రింద నిలిచి, ఒక గీత సిగ్నలు దొరికినప్పుడు వీడియో దిగదు, పుస్తకము దిగును. చూపులేని పిల్లకొరకు శుభ్రముగా టైపు చేసిన పాఠమే ఆ గుట్టమీది పిల్లవానికిని అందును. 2022 జూలై 16న భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంతటి నీరు రాలేదు. దారులు మునిగి, కరెంటు పోయిన అట్టి దినములలో ముందే ఫోనులోనికి దించుకొన్న పుస్తకము ఒక్కటే మిగులును.

"ఇట్టి విద్యార్థులు ఎందరున్నారు? ఇద్దరు ముగ్గురికొరకు ఇంత పనియా?" అన్నది మరొక వాదము. 2011 జనాభా లెక్కలలో దేశమంతటను 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేలమంది. వీరు కళాశాల పట్టికలలో కనబడకపోవుట, వీరు లేరనుటకు నిదర్శనము కాదు. వంతెన లేని రేవులో బండ్లు కనబడుట లేదని వంతెన అక్కరలేదనుట ఎట్టిదో ఇదియు అట్టిది. ఈ మధ్య వికలాంగులను దివ్యాంగులనుట వాడుకలోనికి వచ్చినది. పేరు గౌరవముగానే ఉన్నది. పేరు మారినంతలో పీడీఎఫ్ మాటలాడదు. పండుగవలె సభ చేసి ల్యాప్‌టాప్‌లు పంచిపెట్టుటయు ఇట్టిదే. ఇచ్చిన యంత్రములో తెరువబోవు పాఠము మూగదైనచో, ఆ బహుమతి ఫోటోకు మాత్రమే పనికివచ్చును.

న్యాయస్థానములు ఈ విషయమున ప్రభుత్వములకంటె ముందు నడచుచున్నవి. అమెరికాలో బధిరుల జాతీయ సంఘము 2015లో హార్వర్డ్, ఎంఐటీలపై దావా వేసినది. లోకమునకు ఉచితముగా ఇచ్చుచున్న పాఠములకు మాటల వ్రాత లేదన్నదే ఫిర్యాదు. ఉచితముగా ఇచ్చుచున్నాము గదా అన్న జవాబు నిలువలేదు. 2019లో ఒక సంస్థ, 2020లో మరొకటి రాజీపడి, వ్రాత చేర్చుటకు ఒప్పుకొన్నవి. మన దేశమున 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, వికలాంగులకు అందుబాటు కల్పించు ప్రమాణములు కేవలము సలహాలుగా ఉండరాదని, తప్పనిసరి నియమములు కావలెనని తీర్పు చెప్పినది. 2025 ఏప్రిల్ 30న మరియొక తీర్పులో, డిజిటల్ సేవలు అందుట రాజ్యాంగపు 21వ అధికరణము చెప్పు జీవనహక్కులో భాగమేనన్నది. ఇవి ఢిల్లీలో వెలువడిన మాటలు. చర్ల మండలమునకు చేరుటకు ఇంకను కొంతదూరము నడువవలెను.

ఆ నడకలో ఎక్కువ భాగము పాఠము తయారుచేయు బల్లవద్దనే ఉన్నది. కోర్సు పూర్తియై, వీడియోలు చిత్రించి, పీడీఎఫ్‌లు పెట్టిన తరువాత, ఇప్పుడు వికలాంగులకొరకు ఏమైన చేయుదమనుట ఇల్లు కట్టిన తరువాత బావి త్రవ్వుటవంటిది. గోడలు పగులగొట్టవలసి వచ్చును. మొదటి పుట టైపు చేయునాడే చేసినచో అదనపు శ్రమ స్వల్పము. పాఠము బయటికి పంపక ముందు దానిని చూపులేనివారు ఒకరు, వినికిడి లేనివారు ఒకరు వాడి చూడవలెను. నిపుణులు పరీక్షించినారన్న ముద్ర దీనికి బదులు కాజాలదు. మండలములలో ప్రత్యేకావసరములు గల పిల్లలకొరకు భవిత కేంద్రములు ఉన్నవి. అక్కడి ఉపాధ్యాయులకు ఏ పిల్లకు ఏమి అందునో, ఏమి అందదో కాగితము చూడకయే తెలియును. భద్రాచలములో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఉన్నది. విశ్వవిద్యాలయములు, ఈ కేంద్రములు ఒకరినొకరు అడుగుకొనుట మొదలుపెట్టినచో, మొదటి సంవత్సరములోనే ఎన్నో పాఠములు తిన్నబడగలవు.

పాత పుస్తకముల మాట మిగిలినది. వానిని అన్నిటిని మరల టైపు చేయవలెనన్న భయము అక్కరలేదు. పాత ఫాంటులలో కూర్చిన తెలుగును యూనికోడ్‌లోనికి మార్చు సాధనములు ఉన్నవి. తప్పులు దిద్దుటకు తెలుగు చక్కగా వచ్చిన మనిషి ఒకరు కావలెను, అంతే. మూల ఫైలు పోయినచోట, అచ్చుపుట ఫోటోనుండి అక్షరములను గుర్తించు సాధనములు తెలుగునకును వచ్చినవి; వానిలో తప్పులు ఎక్కువ, దిద్దుబాటు శ్రమ ఎక్కువ. కాబట్టి అచ్చుకూర్పునాటి ఫైలు దొరికినచో పని సగమగును. ఇంటర్మీడియెట్, డిగ్రీ మొదటి సంవత్సరపు తెలుగు, చరిత్ర, పౌరశాస్త్ర పుస్తకములు ముందుగా తీసికొనవచ్చును. అందులో బొమ్మలు తక్కువ, చదువువారు ఎక్కువ. ఆ ఫైళ్ళు ఏ ముద్రణాలయపు పాత కంప్యూటరులో ఉన్నవో, ఏ కార్యాలయపు బీరువాలోని డిస్కులో ఉన్నవో, అవి చెడిపోకముందే వెదకి బయటికి తీయవలసి ఉన్నది.